కారు కొనాలా వద్దా? రోజుకు 84 కిలోమీటర్లు, లీటరు 107. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా చెప్పండి

పరకాల రూట్ (హన్మకొండ), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. ఇల్లు హన్మకొండలో, బడి పరకాల దాటాక 8 కిలోమీటర్లు లోపలికి. ఒక వైపు 42 కి.మీ. ఆరేళ్లుగా బైక్ మీదే పోయి వస్తున్నాను. పోయిన వారం వానలో వడ్ల ట్రాక్టర్‌ని తప్పించబోయి బండితో సహా పక్కకు పడ్డాను. మోచెయ్యి దోక్కుపోయింది, అంతకు మించి ఏం కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట, కారు తీసుకోండి అని.

లెక్క వేశాను. బైక్ 50 మైలేజ్ ఇస్తుంది, రోజుకు 180 రూపాయల పెట్రోల్. నెలకు 24 రోజులకు 4,300. కారు 18 ఇస్తుందనుకుంటే రోజుకు 500, నెలకు 12,000. ఈఎంఐ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ దీనికి బయట.

ఇంకో సంగతి. క్లాసులో ఇంధనాల పాఠం చెప్తూ, మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుందని చెప్పాను. ఒక పిల్లవాడు లేచి "వాళ్లు ఆపేస్తే ఎట్ల సార్?" అని అడిగాడు. రేపు చెప్తానన్నాను. ఇంతవరకు చెప్పలేదు.

మీ దేశాల్లో కారు లేకుండా గడుస్తుందా? పెట్రోల్ పెరిగితే ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు రాయండి.

హంటర్ రోడ్ నుంచి టెక్సస్, సోమవారం ఉదయం 7:25

సార్, ముందు చెయ్యి చూసుకోండి, టీటీ ఇంజక్షన్ వేయించుకున్నారా?

నేను డాలస్ పక్కన 11 ఏళ్ల నుంచి ఉంటున్నాను. ఇద్దరం, రెండు కార్లు. హోదా కోసం అనుకోకండి. మన ఇంట్లో నీళ్ల మోటర్ ఎట్లనో ఇక్కడ కారు అట్ల. లేకపోతే ఇల్లు నడవదు. పాల ప్యాకెట్‌కు నాలుగు కిలోమీటర్లు పోవాలి. మా కాలనీలో దుకాణం పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు, ఇళ్లు మాత్రమే కట్టాలి.

పోయిన ఏడాది నాన్న వచ్చారు. హన్మకొండలో ఆయన పొద్దున్నే చేతిసంచి పట్టుకుని బయలుదేరితే పాలు, పేపర్, తోటకూర, నలుగురితో మాట, అన్నీ నడకలోనే అయిపోతాయి. ఇక్కడ మూడో రోజు పొద్దున అదే సంచి మడతపెట్టి పట్టుకుని బయటికి పోయారు. పావుగంటలో తిరిగొచ్చారు. కాలనీ గేటు దగ్గర ఫుట్‌పాత్ అయిపోయిందట, అవతల ఆరు లైన్ల రోడ్డు. సంచి బల్ల మీద పెట్టి "కాళ్లు కట్టేసినట్టుందిరా" అన్నారు. ఆరు నెలలకని వచ్చిన మనిషి నాలుగు నెలలకే పోయారు. నాకు కార్ల గురించి ఏ చర్చ వచ్చినా ఆ సంచే గుర్తొస్తుంది.

మా పక్కన ఆర్లింగ్టన్ అని ఊరుంది. దగ్గరదగ్గర 4 లక్షల జనం. పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్లు తప్ప, రూట్ మీద తిరిగే మామూలు సిటీ బస్సులు లేవు. మన వరంగల్‌లో సగం ఊరనుకోండి. సిటీ బస్సు లేని సగం వరంగల్‌ను ఊహించుకోగలరా?

ధర సంగతి. ఇక్కడ గ్యాలన్ మూడు డాలర్లు అటూ ఇటూ ఉంటుంది, గ్యాలన్ అంటే 3.78 లీటర్లు. కేంద్రం వేసే పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 నుంచి ఒక్క సెంటు పెంచలేదు. చట్టం ప్రకారం కనీస కూలీ గంటకు 7.25 డాలర్లు. అంటే అందరికన్నా తక్కువ జీతగాడు గంట పనిచేస్తే ఎనిమిది లీటర్ల పైన కొనుక్కుంటాడు. మన దగ్గర ఉపాధి హామీలో 2025-26 కూలీ రోజుకు 307. ఎండలో రోజంతా తట్ట మోస్తే మూడు లీటర్లు కూడా రావు.

అయినా ధర పెరిగితే మాకే ఎక్కువ భయం. మీరు బస్సెక్కుతారు. మాకు ఎక్కడానికి ఏమీ లేదు.

బంక్ నైట్ డ్యూటీ (వరంగల్), సోమవారం ఉదయం 8:40

నమస్తే సార్. నేను బంక్‌లో తొమ్మిదేళ్ల నుంచి పనిచేస్తున్నా. అమెరికా అన్న చెప్పినదానికి ఇక్కడి మాట కలుపుతా.

మా దగ్గరికి వచ్చే బైకుల్లో సగానికి పైగా "అన్నా, వందది కొట్టు" అనేవాళ్లే. 2020 ఏప్రిల్‌లో రేటు 74 దగ్గర ఉండేది. వంద కొడితే మీటర్ 1.35 దాకా పోయేది. 2021 జూన్‌లో రేటు వంద దాటింది. ఇప్పుడు వంద కొడితే 0.93 దగ్గర ఆగుతుంది. రేటు ఎంత మారినా వంద నోటు మారలేదు, ఎందుకంటే వాళ్ల జేబులో రోజుకు ఉండేది అంతే. మార్కెట్‌లో హమాలీ పనిచేసే పెద్దాయన ఒకాయన రోజూ వస్తాడు. పైపు తీసేటప్పుడు "ఒకసారి దులుపు బిడ్డా" అంటాడు. పైపులో మిగిలిన నాలుగు చుక్కల కోసం. నేను తప్పకుండా దులుపుతా.

మన రాష్ట్రంలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27. దాని మీద కేంద్రం ఎక్సైజ్ వేరే. కారు సారుకూ హమాలీకీ లీటరుకు పన్ను ఒకటే.

నర్సంపేట అక్క, సోమవారం ఉదయం 11:05

నేను వరంగల్‌లో బట్టల షాపులో చేస్తాను, రోజూ నర్సంపేట నుంచి రాకపోకలు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. అంతకుముందు జీతంలో మంచి ముక్క చార్జీలకే పోయేది. రద్దీ ఉంది, సీటు దొరకని రోజులే ఎక్కువ. నిలబడే వస్తాను, అయినా మేలే.

ఒకటి చెప్పాలి. మా ఇంట్లో బైక్ ఒక్కటే, అది మా ఆయన పనికి పోతుంది. బండి ఉంది కదా అని లెక్కల్లో మా ఇల్లు "వాహనం ఉన్న ఇల్లు" అవుతుంది. ఆ వాహనం మీద నేను ఎక్కేది పెళ్లిళ్లకు, జాతరలకు. పగటిపూట ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, పిల్లలకు బండి లేనట్టే. దేశంలో ఎన్ని కార్లున్నాయని లెక్కపెట్టేటప్పుడు ఇది కూడా చూడండి.

రియాద్ డ్రైవర్ (జగిత్యాల), సోమవారం మధ్యాహ్నం 2:30

సార్, నేను సౌదీలో హౌస్ డ్రైవర్‌ని. 14 ఏళ్లు అయింది. నేను వచ్చినప్పుడు ఇక్కడ ఆడవాళ్లు కారు నడపడానికి లేదు, అందుకే ప్రతి ఇంటికీ మాలాంటి డ్రైవర్ ఉండేవాడు. 2018 జూన్‌లో వాళ్లకు నడపనిచ్చారు. అయినా మా పని పోలేదు, పిల్లల స్కూళ్లు, బజార్లు చాలా ఉంటాయి.

నేను వచ్చిన కొత్తలో 91 రకం పెట్రోల్ లీటరు అర రియాల్ కూడా లేదు, 45 హలాలాలు. 2015 డిసెంబర్ ఆఖర్లో పెంచారు, 2018లో మళ్లీ పెంచారు. 2021 జూలైలో 2.18 రియాళ్ల దగ్గర పైకి పోకుండా ఆపారు. నూనె పుట్టిన దేశంలోనే ఐదింతలు దగ్గరదగ్గర అయింది. మా కఫీల్ (యజమాని) కొత్తల్లో ధర అడిగేవాడే కాదు. ఇప్పుడు బిల్లు చూస్తాడు.

ఎండాకాలం 45 డిగ్రీలుంటుంది. స్కూల్ ముందు పిల్లల కోసం గంట ముందే పోయి లైన్లో ఉంటాం. ఏసీ కోసం ఇంజన్ ఆపం. ముందు బండి, వెనక బండి, కంటికి కనబడినంత దూరం అన్నీ నిలబడే కాలుతుంటాయి. నేను పెట్రోల్ మీటర్ సూది కిందికి దిగుతుంటే చూస్తూ కూర్చుంటా. ఊళ్లో నా భార్య అర లీటరు పెట్రోల్‌ను కిరాణా కొట్లో వాటర్ బాటిల్‌లో కొంటుంది, లీటరు మీద పది పదిహేను ఎక్కువ ఇచ్చి. బంక్‌కు పోయి రావడానికే అంత కాలుతుంది మరి.

2024 డిసెంబర్‌లో ఇక్కడ మెట్రో మొదలైంది, ఆరు లైన్లు, 176 కిలోమీటర్లు. నూనె అమ్ముకునే దేశం రైళ్లు వేసుకుంటోంది. నేను శుక్రవారం సెలవు నాడు మెట్రోలోనే మా ఊరివాళ్ల రూమ్‌కు పోతున్నా.

మడికొండ, సోమవారం సాయంత్రం 6:15

నేను కొంచెం కోపంగానే రాస్తాను, ఏమనుకోకండి. అమెరికాలో నూటికి తొంభై ఇళ్లకు పైగా కనీసం ఒక కారుంది. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కారున్న ఇళ్లు నూటికి ఎనిమిది కూడా లేవు. బైకో స్కూటరో ఉన్నవి సగం. వాళ్లు డెబ్భై ఏళ్లు తిరిగి తిరిగి, ఇప్పుడు మనం కొనేటప్పటికి పొదుపు మాటలా?

మా అమ్మకు ఆయాసం. రెండేళ్ల కింద అర్ధరాత్రి ఎక్కువైంది. తెలిసిన ఆటో ఫోన్ ఎత్తలేదు. పక్కింటి సారు కారు తీశారు కాబట్టి బతికింది. ఆ తర్వాతి నెల పాత కారు కొన్నాను. నెలకు నాలుగుసార్లు తీస్తానేమో. మిగతా రోజులు కవర్ కింద ఉంటుంది. అయినా రాత్రి నిద్ర పడుతోంది. సార్, ఇంట్లో పెద్దవాళ్లుంటే కొనండి.

హంటర్ రోడ్ నుంచి టెక్సస్, సోమవారం రాత్రి 8:50

అన్నా, మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కారు ఉండటం తప్పని నేను అనలేదు. మీ కారు కవర్ కింద ఉంది, కావాల్సినప్పుడు తీస్తారు. మాకు కవర్ వేసే రోజే ఉండదు. కారు ఉండటం వేరు, అది లేకపోతే బతుకు ఆగిపోవడం వేరు.

1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపినప్పుడు ఇదే బయటపడింది. మూడు డాలర్లున్న పీపా కొన్ని నెలల్లో పన్నెండుకు పోయింది. బంకుల ముందు మైళ్ల పొడుగున లైన్లు, నంబర్ ప్లేట్‌లో చివరి అంకె సరి అయితే ఒక రోజు, బేసి అయితే ఒక రోజు. 1974లో హైవేల మీద వేగం గంటకు 55 మైళ్లకు, అంటే మన లెక్కలో 88 కిలోమీటర్లకు తగ్గించారు. నెదర్లాండ్స్ అయితే 1973 నవంబర్ నుంచి కొన్ని నెలలు ఆదివారాలు కార్లు ఆపేసింది. ఖాళీ రోడ్ల మీద పిల్లలు ఆడుకున్నారు. అప్పటికే కార్ల కింద పడి పిల్లలు చనిపోతున్నారని అక్కడి తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉన్నారు. ఆ దేశం సైకిల్ దారులు వేసుకుంటూ పోయింది, ఇప్పుడు అక్కడ మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ. మాకు మాత్రం ధర తగ్గగానే అంతా మళ్లీ మామూలే.

మాస్టారు, మీ పిల్లవాడి ప్రశ్నకు ఈ రెండు దేశాల కథ చెప్పండి.

సింగపూర్ సుబేదారి, మంగళవారం ఉదయం 6:50

ఇక్కడ కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కు కొనాలి. 1990 నుంచి ఉన్న పద్ధతి. నెలకు రెండుసార్లు వేలం, పదేళ్లకు చెల్లే కాగితం. ఈ మధ్య లక్ష సింగపూర్ డాలర్లు దాటుతోంది, మన డబ్బులో 60 లక్షల పైన. కాగితానికే, కారుకు వేరే. 2018 నుంచి కార్ల సంఖ్య పెరగకుండా ఆపేశారు. మా టీమ్‌లో మేనేజర్‌తో సహా అందరం మెట్రోలోనే వస్తాం, ఎవరికీ చిన్నతనం లేదు. అయితే మూడు నిమిషాలకో రైలు ఇచ్చాక పెట్టిన రూల్ ఇది. రైలు ఇవ్వకుండా ఈ రూల్ పెడితే అన్యాయం.

నగోయాలో నక్కలగుట్ట, మంగళవారం ఉదయం 7:30

జపాన్‌లో చాలా ఊళ్లలో కారు రిజిస్టర్ కావాలంటే, పెట్టుకోవడానికి జాగా ఉందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తేవాలి. 1962 నాటి చట్టం. జాగా కొలతలతో పటం గీసి ఇవ్వాలి. మన కాలనీ 20 అడుగుల గల్లీల్లో రెండు వైపులా కార్లు పెడితే అంబులెన్స్ ఎట్ల వస్తుంది? మడికొండ అన్నా, మీ అమ్మగారి కోసమే అడుగుతున్నాను. ఇక్కడ పల్లెల్లో చాలామంది 660 సీసీ చిన్న కార్లే నడుపుతారు, పసుపు ప్లేటు ఉంటుంది.

దిలావర్‌పూర్ దగ్గరోళ్లం (నిర్మల్), మంగళవారం మధ్యాహ్నం 1:10

ఇథనాల్ గురించి ఎవరూ రాయలేదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. చమురు దిగుమతి తగ్గించాలనేది ఉద్దేశం, మంచిదే. బ్రెజిల్ 1975లోనే చెరుకుతో మొదలుపెట్టింది. అక్కడ 2003 నుంచి పెట్రోలైనా ఇథనాలైనా ఏది పోసినా నడిచే కార్లు వచ్చాయి, 2025 ఆగస్టు నుంచి పెట్రోల్‌లో 30 శాతం కలుపుతున్నారు.

కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్‌లో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. మైలేజ్ కొంత తగ్గుతుంది. ఇంకో పక్క, అది చెయ్యడానికి చెరుకు, మక్కలు, బియ్యం కావాలి, వాటికి నీళ్లు కావాలి. మా దిలావర్‌పూర్, గుండంపల్లి జనం 2024 నవంబర్‌లో ఫ్యాక్టరీ వద్దని రోడ్డు మీద కూర్చున్నారు. చలికి చంటిపిల్లలతో, దుప్పట్లతో. చివరికి పనులు ఆపించారు. పట్నంలో కారు ట్యాంకుకూ మా బోరు నీళ్లకూ సంబంధం ఉందని నాకు ఆ రోజుల్లోనే అర్థమైంది.

రిటైర్డ్ కండక్టర్ (హన్మకొండ), మంగళవారం రాత్రి 9:20

మాస్టారూ, 31 ఏళ్లు ఈ రూట్లలోనే టికెట్లు కొట్టాను. అమెరికా అబ్బాయి రాసింది చదువుతుంటే మన నైట్ హాల్ట్ బండ్లు గుర్తొచ్చాయి.

వెనకట రాత్రి ఎనిమిదింటికి పల్లెకు పోయే ఆఖరి బస్సు అక్కడే పడుకునేది. డ్రైవర్, నేను పంచాయతీ ఆఫీసు అరుగు మీద పడుకునేవాళ్లం. ఎవరో ఒకరు అన్నం తెచ్చేవారు. పొద్దున ఐదున్నరకు బండి కదిలేది. టాప్ మీద కూరగాయల గంపలు, లోపల పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు, కోర్టు పని వాళ్లు. తర్వాత బైకులొచ్చాయి. ముందు ఊళ్లో పది, ఆ తర్వాత యాభై. పది మంది బైక్ కొనేసరికి బస్సులో పది సీట్లు ఖాళీ. కలెక్షన్ పడిపోయింది, నైట్ హాల్ట్ తీసేశారు. అది తీసేశాక, బైక్ కొనే స్తోమత లేనివాడు కూడా అప్పు చేసి కొన్నాడు. మొదటి పది మంది ఇష్టపడి కొన్నారు, ఆఖరి పది మంది వేరే దారి లేక కొన్నారు. కారు సంగతీ అంతే అవుతుందేమోనని నా భయం.

ఒక మాట అడుగుతా. హన్మకొండ నుంచి పరకాలకు బస్సులకు కొదవ లేదు. మీ ఇబ్బంది 42 కిలోమీటర్లా, ఆఖరి ఎనిమిదా?

పరకాల రూట్ (హన్మకొండ), మంగళవారం రాత్రి 10:05

అన్నా, ఆఖరి ఎనిమిదే. పరకాలలో దిగాక ఆటో నిండేదాకా కదలదు. ఒక్కోసారి అరగంట. 9:30కి బడి. ఆ అరగంట కోసమే ఆరేళ్లు బైక్ మీద పోయాను. ఇంతవరకు ఇట్ల విడదీసి ఆలోచించలేదు.

ట్రోండ్‌హైమ్ (నిట్ వరంగల్ పాత విద్యార్థి), బుధవారం ఉదయం 10:40

నార్వే మాట కూడా కలుపుతాను. ఇది చమురు అమ్మి బతికే దేశం. అయినా 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 కరెంటువి. పెట్రోల్ కారు కొంటే భారీ పన్ను, కరెంటు కారుకు చాలా ఏళ్లు 25 శాతం వ్యాట్ మాఫీ. కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తే. అయితే ఇంత డబ్బున్న దేశాన్ని చూసి మనం పోల్చుకోలేం. నిట్‌లో నా రూమ్‌మేట్ నేపాలీ. 2015లో సరిహద్దులో ట్యాంకర్లు ఆగిపోయినప్పుడు వాళ్లమ్మ నెలల తరబడి కట్టెల పొయ్యి మీద వండిందని చెప్పేవాడు. ఇప్పుడు ఆ దేశం దిగుమతి చేసుకునే కొత్త కార్లలో సగానికి పైగా కరెంటువే, అదీ సొంత నదుల కరెంటు. శ్రీలంకలో 2022లో పెట్రోల్‌కు డాలర్లు లేక, క్యూఆర్ కోడ్ చూపిస్తే వారానికి ఇన్ని లీటర్లని ఇచ్చారు. మాస్టారు, "ఆపేస్తే ఎట్ల" అన్న పిల్లవాడికి ఈ రెండు పొరుగు దేశాలే సరైన జవాబు.

భూపాలపల్లి కరెంటు, బుధవారం సాయంత్రం 5:30

కరెంటు స్కూటర్ నాది, రెండేళ్లయింది. 3 యూనిట్ల బ్యాటరీ, నిజంగా వచ్చేది 80-90 కి.మీ. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా మీ 84 కి.మీ.కి 35 దాటదు. మన రాష్ట్రంలో కరెంటు బండ్లకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు.

మా చెల్పూరు ప్లాంటులో మండేది సింగరేణి బొగ్గే, అది దాచను. మా ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తే తెల్లవాటి మీద బూడిద కనబడుతుంది. పొగ ఇక్కడికి మారింది, పోలేదు. కాకపోతే బొగ్గు మనదే, ఓడ రావాలని ఎదురుచూడక్కర్లేదు. మీరు రోజూ 84 మాత్రం దాంతో పెట్టుకోకండి, వానాకాలం టెన్షన్. పరకాల నుంచి బడికి అయితే హాయిగా సరిపోతుంది.

నర్సంపేట అక్క, బుధవారం రాత్రి 8:15

సార్, మా ఊరి టీచరమ్మ ఒకావిడ చేసేదే ఇది. బస్టాండ్ దగ్గర సైకిల్ స్టాండ్‌లో నెలకు మాట్లాడుకుని పాత స్కూటీ పెట్టుకుంది. రాత్రంతా అక్కడే ఉంటుంది. పొద్దున బస్సు దిగి అది తీసుకుని ఊళ్లోకి పోతుంది.

పరకాల రూట్ (హన్మకొండ), మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:00

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది. మా మామయ్య వాళ్ల పాత స్కూటర్ తెచ్చి పరకాలలో స్టాండ్‌లో పెట్టాను. రోజుకు 16 కిలోమీటర్లే నడుపుతున్నాను, వారానికి రెండు లీటర్లు కావాలి. బస్సులో గంట పైన దొరుకుతోంది, పేపర్లు దిద్దుకుంటున్నాను. ఇంటికి వచ్చేసరికి నడుం నొప్పి లేదు. రెండు రోజులు ఆలస్యమైంది, హెడ్‌మాస్టర్‌కు చెప్పి సర్దుకున్నాను.

కారు సంగతి ఇంకా తేలలేదు. మడికొండ తమ్ముడు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. మా నాన్నకు 74 ఏళ్లు. చిన్నది, పాతది చూస్తున్నాం, రోజూ తీయడానికి కాదు. ఇంట్లో జాగా కొలిచాను, తులసి కోట జరిపితే పడుతుంది.

ఆ పిల్లవాడికి నేపాల్, శ్రీలంక కథలు చెప్పాను. మర్నాడు వాడే ఊళ్లో ఎన్ని బండ్లున్నాయో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టుకొచ్చాడు. 212 ఇళ్లు, 190 బైకులు, 9 కార్లు, 31 ట్రాక్టర్లు. ఊరికి వచ్చే బస్సులు ఎన్ని అని నేనడగలేదు, వాడే కింద రాశాడు: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

రిటైర్డ్ కండక్టర్ (హన్మకొండ), శనివారం రాత్రి 9:25

మాస్టారూ, ఆ కాగితం ఫొటో తీసి పంపండి. పొద్దున బస్సు ఎన్నింటికి వస్తుందో కూడా వాణ్ని రాయమనండి. బడి టైమ్‌కు అరగంట ఇటు జరిపితే మీకూ పిల్లలకూ సరిపోతుందేమో, ఊరివాళ్ల సంతకాలతో డిపోలో అర్జీ ఇద్దాం. ఎట్ల రాయాలో నాకు తెలుసు, సోమవారం నేనూ వస్తా.